ఇంటిక్రింది నేల

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత నెరుగని తెలుగు గృహస్థుడు లేడు. ఆ సామెతను పుట్టించిన పెద్దలు ఇటుకలకును, సున్నమునకును, దూలములకును, వడ్రంగి కూలికిని అగు వ్యయమును తలచుకొని నిట్టూర్చిరి. నేల కొనుటలోని కష్టమును మాత్రము వారు లెక్కలో వేయలేదు. తండ్రి పెరటిలో కుమారుడు మరియొక వాకిలి పెట్టుకొనెడివాడు; పెరడు చాలనిచో గ్రామకంఠములో నింత చోటు దొరకెడిది. ఈ మాట ఊరిలోపలి వారికే చెల్లునని చదువరులు గ్రహింపవలెను. ఊరివెలుపల నుంచబడినవారి కథ వేరు, దానిని ముందు చెప్పెదము. నేడు ఊరిలోపలి వారికి సైతము ఆ వరుస తారుమారైనది. గోడలు లేపుట కష్టమే గాని, గోడలు లేపుటకు చోటు సంపాదించుట అంతకు మించిన కష్టము. జీతగాడు నెలనెల దాచిన సొమ్ము ఒక సెంటు నేలకు చాలునంత అగునప్పటికి, ఆ సెంటు ధర మరల వానికి అందనంత పైకి పోయి కూర్చుండును.

మేము బాలురకు చదువు చెప్పి జీవించువారము. ఏటేట జూను మాసమున బడి తెరచి హాజరుపట్టిక వ్రాయునపుడు, నిరుటి పేర్లలో కొన్ని కానరావు. విచారించినచో ఆ పిల్లలు చదువున వెనుకబడి మానినవారు కారు. అద్దె పెరిగినందున తండ్రి ఇల్లు మార్చెను, కొత్త ఇల్లు నాలుగు మైళ్ల దూరమున నున్నది, బస్సు లేదు, పిల్లవాడు బడి మానెను. ఇంటి యజమాని అద్దె నైదువందలు పెంచుటకును, ఒక బాలుని అక్షరాభ్యాసము నడుమ తెగుటకును గల సంబంధము ఏ ప్రభుత్వపు లెక్కలోను కనబడదు. మా పట్టికలో అది ఏటేట కనబడుచున్నది. కావుననే గృహవసతినిగూర్చి వ్రాయుటకు పూనుకొంటిమి.

ఇంటి ధర పెరిగినదని అందరు ననుచుందురు. నిజముగా పెరిగినది దేని ధర? ఇటుక ధవళేశ్వరములో నెంతయో, మన్యపు పల్లెలోను ఇంచుమించుగా నంతే. బండి కిరాయి మాత్రము తేడా. సిమెంటు బస్తాకు ఊరినిబట్టి విశేషమైన భేదము లేదు. తాపీపనివాని కూలిలో కొంత హెచ్చుతగ్గులుండవచ్చును. అయినను ఒకే తీరున కట్టిన రెండు ఇండ్లలో ఒకటి నాలుగింతలు ధర పలుకుచున్నదన్నచో, ఆ హెచ్చు గోడలది కాదు, గోడలక్రింది నేలది. ఆ నేలకు ధర తెచ్చిన దెవరు? యజమాని తన నేలను దున్నలేదు, తడుపలేదు, ఊరకే యుంచుకొనెను. ఎదుట రోడ్డు పడినది, దగ్గర వంతెన వెలసినది, కచేరీ వచ్చినది, బడి వచ్చినది. ఇవన్నియు ప్రజల సొమ్ముతో, ప్రజల చెమటతో అయిన పనులు. అమెరికా దేశపు హెన్రీ జార్జి అను అర్థశాస్త్రవేత్త 1879లో ప్రకటించిన గ్రంథములో ఈ విషయమునే లోకమునకు చాటెను. ఆయన గ్రంథము చదువని వారికి గూడ ఇది తెలియవలెనన్నచో ధవళేశ్వరపు చరిత్ర చాలును.

గోదావరి గౌతమీ వసిష్ఠలుగా చీలుటకు ముందు, రాజమహేంద్రవరమునకు దిగువను ఆనుకొని యున్న గ్రామము ధవళేశ్వరము. పందొమ్మిదవ శతాబ్దపు మొదటి సగములో ఈ మండలము పడిన బాధ వర్ణనాతీతము. 1832–33లో కరువు, 1839లో కోరంగి తీరమున ఉప్పెన. 1821లో 7 లక్షల 38 వేలుగా నుండిన రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయెను. నిండుగా నీరు సముద్రము పాలగుచుండ గట్టుమీద మనుష్యులు ఆకటితో చచ్చిరి. అట్టి సమయమున ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు ఆనకట్ట కట్టవలెనని దొరతనమువారికి నివేదించెను. 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఏటి కడ్డముగా రాతికట్ట లేచినది. ధవళేశ్వరపు కొండను త్రవ్వి రాయి తీసిరి, ఇనుప పట్టాలు పరచి బండ్లమీద ఏటిలోనికి దొరలించిరి, కర్మశాలలు వెలసెను. కాటనునకు కుడిభుజముగా నిలిచిన వీణెం వీరన్న వంటి వారి పూనికవలన వేలకొలది కూలీలు కూడిరి.

ఆ కట్టవలన గోదావరి డెల్టా బ్రదికినది. మెట్ట మాగాణి అయినది. నేడు ఆ కాలువలక్రింద సుమారు 10 లక్షల ఎకరములు పండుచున్నవి. పాత ఆనకట్ట స్థానమున 1970 మొదలు 1982 వరకు కట్టిన బారేజికి కాటను పేరే పెట్టుకొని, ఆయన విగ్రహమునకు దండలు వేయుచున్నారము. వేయుట యుక్తమే. కాని ఒక ప్రశ్న మిగిలియున్నది. నీటితో పాటు నేలకు వచ్చిన విలువ ఎవరికి చేరినది? నేల యున్నవానికి చేరినది. మెట్టగా నున్నప్పుడు ఎవరును కోరని పొలము, కాలువ రాగానే బంగారమైనది. ప్రభుత్వము నీటితీరువ రూపమున తన పాలు తీసికొనెను. కామందు ధాన్యము రూపమునను, ధర రూపమునను తన పాలు తీసికొనెను. రాళ్లు మోసినవానికిని, కాలువ త్రవ్వినవానికిని నాటి కూలి నాడే తీరిపోయెను. వాని సంతతికి మిగిలిన దేమి?

ఇక్కడ డెల్టాకు మాత్రమే చెందిన ఒక విశేషము చెప్పవలసియున్నది. మెట్టదేశములో బీడు ఉండును, బంజరు ఉండును. బీదవాడు ఏదో ఒక మూల గుడిసె వేసికొనును. నీరు పారిన దేశములో ప్రతి గజము పొలమగును. ఇల్లు నిలువదగిన మెరక చోటు మిక్కిలి అరుదగును. పల్లపు మాగాణిలో ఇల్లు కట్టవలెనన్నచో ముందుగా బండ్లకొలది మట్టి తోలించి మెరక చేయవలెను; ఆ మట్టికే బీదవాని పొదుపు చాలదు. అందుచేత వ్యవసాయకూలీలు, పాలేర్లు ఎక్కడ నివసించిరి? కామందు పొలముగట్టున, కామందు దొడ్డిమూల, లేదా కాలువగట్టున. పొలము పండించిన కాలువయే, పండించిన వానికి నిలువ చోటు లేకుండ చేసెను. నేటికిని గోదావరి జిల్లాలలో కాలువ వెంబడి ప్రయాణము చేసినవారికి గట్టు పొడుగున వరుసగా నిలిచిన తాటాకు పాకలు, రేకుల పాకలు కనబడును. చూచువారికి అది చిత్రపటమువలె నుండును. అందులో కాపురముండువారికి వెనుక కాలువ, ముందు రోడ్డు, పైన అప్పుడప్పుడు వచ్చు ఖాళీచేయుమను నోటీసు.

కామందు నేలమీద పాక వేసికొన్న పాలేరునకు స్వాతంత్ర్య మెంతటిదో ఊహించుడు. కూలి చాలదని వాడు నోరు విప్పినచో సమాధానము ఒక్కటే: “నా చోటునుండి లెమ్ము.” వానికి పెట్టిన సంకెల ఇనుపది కాదు, వాని పాకక్రింది నేలయే సంకెల. ఈ సత్యమును మొదట ప్రభుత్వమునకు గట్టిగా చెప్పినవారిలో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ ఒకడు. ఆయన 1891లో అచ్చటి పంచముల స్థితినిగూర్చి నివేదిక వ్రాయుచు, వారికి తమ గుడిసెక్రింది నేలమీదనైన హక్కు లేకపోవుట వారి దాస్యమునకు మూలమని ఎత్తిచూపెను. ఆ మాట చెవికెక్కుటకు దాదాపు ముప్పదియేండ్లు పట్టెను. 1920లో చెన్నరాజధాని ప్రభుత్వము లేబరు కమిషనరు నొకని నియమించి, అణచబడిన జాతులవారికి నివేశన స్థలములు సమకూర్చు భారమును ఆయనకు అప్పగించెను.

ఆ శాఖవారు పనిచేసిన పద్ధతి నేటివారు తెలిసికొనదగినది. ప్రభుత్వపు పోరంబోకు ఉన్నచోట దానిని ఇచ్చిరి. లేనిచోట 1894 నాటి భూసేకరణ చట్టముక్రింద రైతునుండి పొలము తీసికొని స్థలములుగా విభజించిరి. స్థలము పుచ్చుకొనువారిచేత సహకారసంఘములు పెట్టించి, ఆ సంఘముల ద్వారా స్థలము ఖరీదును చిన్న చిన్న వాయిదాలమీద రాబట్టుకొనిరి. గోదావరి, కృష్ణా మండలములలో ఏటి లంకభూములను సంఘములకు కౌలుకిచ్చుటయు ఆ శాఖ చేసిన పనులలో నొకటి. ఈ యత్నమువలన వేలకొలది కుటుంబములు మొదటిసారిగా “ఇది నా వాకిలి” అని చెప్పుకొనగలిగెను. కామందుతో బేరమాడు ధైర్యము వారికి ఆ వాకిటినుండియే పుట్టెను. అయినను అందులో రెండు లోపములున్నవి. దేశములో నందరికంటె బీదవానినుండి స్థలపు ఖరీదు వసూలుచేయుట ఒకటి. కొత్త స్థలములను గూడ ఊరికి దూరముగా, వేరొక పేటగా ఏర్పరచుట రెండవది. పాత మాలపల్లెకు కొత్త పేరు పెట్టినంతమాత్రమున ఊరి గోడ కూలదు. నేల హక్కు వచ్చెను. ఊరిలో చోటు రాలేదు.

సంస్కరణాభిమానులగు మన చదువరులకు ధవళేశ్వరము మరియొక కారణమున గూడ పూజ్యము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఇచ్చటి ఆంగ్లపాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా నుండి, 1874లో ఇచ్చటనే బాలికాపాఠశాల నెలకొల్పిరి. పిమ్మట 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో తొలి వితంతువివాహము జరిపించిరి. ఆ వివాహమునకు తోడ్పడినవారికి సంఘము విధించిన శిక్ష యేమి? వెలి. నీళ్లు తెచ్చువారు మానిరి, వంటవారు మానిరి, పొరుగువారు తలుపు మూసికొనిరి. పెండ్లి జరిపించుటతో సంస్కర్తల పని తీరలేదు. ఆ దంపతులకు నిలువ నీడ చూపుటయు వారి భారమే అయ్యెను. పిదప వితంతువులకు శరణాలయమును, తమ ఆస్తినంతయు ధర్మమున వినియోగించుటకై 1906లో హితకారిణీ సమాజమును వారు స్థాపించుటలో గల దూరదృష్టి ఇదియే. సంఘమునకు కోపము వచ్చినపుడు అది మనిషినుండి మొదట లాగికొనునది ఇల్లు. నేడు అద్దె ఇంటికి పోయినవానిని “మీ రేమిటివారు?” అని ప్రశ్నించి, సమాధానము విన్న పిమ్మట “ఇల్లు వేరొకరికి మాట యిచ్చితిమి” అని పలుకు యజమానురాండ్రు ఆ నాటి వెలికి వారసురాండ్రే. ధర హెచ్చినకొలది ఈ ప్రశ్న అడుగుటకు వారికి వీలు హెచ్చుచున్నది. ఒక గదికి పదిమంది వచ్చునప్పుడు తొమ్మండుగురిని కాదనుట సులభము గదా!

ఇతర దేశములవారు ఈ చిక్కును విప్పుకొనిన తీరు చూతము. 1915లో, యుద్ధకాలమున, స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఇంటియజమానులు అద్దెలు పెంచిరి. పురుషులు యుద్ధమునకును, ఓడల కర్మాగారములకును పోయియుండ, ఎదిరించి నిలిచినవారు గృహిణులు. మేరీ బార్బర్ మొదలగు స్త్రీలు వాడవాడల కూడి పెరిగిన అద్దె చెల్లింపక, ఖాళీచేయించుటకు వచ్చిన ఉద్యోగులను తిప్పిపంపిరి. ఆ సంవత్సరాంతమునకే అద్దెలు పెంచరాదని బ్రిటిషు పార్లమెంటు చట్టము చేయవలసివచ్చెను. 1919లో పురపాలకసంఘములచే ఇండ్లు కట్టించు చట్టము వచ్చెను. గృహవసతి యనునది వంటింటిలోనుండి పుట్టి శాసనసభ కెక్కిన సమస్య యని దీనివలన తెలియుచున్నది.

ఆస్ట్రియా రాజధానియగు వియన్నా చేసిన పని ఇంకను గొప్పది. మొదటి మహాయుద్ధానంతరము అచ్చట కార్మికులు ఇరుకు కొట్లలో క్షయవ్యాధికి గురియై కృశించుచుండిరి. అద్దెలను చట్టము కట్టివేసినందున నేల కొనుటకు వ్యాపారులు ముందుకు రాలేదు. నేల ధర పడిపోయెను. అదను గనిపెట్టి నగరసభ నేల కొనెను. 1923లో గొప్ప ఇండ్లమీద హెచ్చుగను, చిన్న ఇండ్లమీద తగ్గుగను గృహపన్ను వేసి, ఆ సొమ్ముతో 1934 లోపల సుమారు 64,000 నివాసములు కట్టెను. కొలనులు, గ్రంథాలయములు, శిశువుల బడులు వానిలో భాగములు. ఆ నివాసములను అమ్మలేదు, తక్కువ అద్దెకిచ్చెను. నేటికిని ఆ నగరసభకు సుమారు 2 లక్షల 20 వేల నివాసములు కలవు. సింగపూరులో 1960లో గృహనిర్మాణమండలి ఏర్పడగా, 1966 నాటి భూసేకరణ చట్టము ప్రభుత్వము భూమిని కారుచౌకగా సేకరించుటకు వీలు కల్పించెను. నేడు ఆ దేశస్థులలో నాలుగింట మూడువంతులకు మించినవారు 99 ఏండ్ల కౌలుహక్కుతో ఆ మండలి ఇండ్లలోనే యున్నారు. దేశములు వేరు, రాజ్యపద్ధతులు వేరు, ఉపాయము ఒక్కటే. ధర లేచుటకు ముందే నేలను పదుగురి పేర పట్టియుంచుట.

మన రాష్ట్రము ఈ విషయమున నిద్రించినదని ఎవరును అనజాలరు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలమంది వరకు ప్రాణములు గొనెను. పాకలలో నున్నవారే హెచ్చుగా మడిసిరి. తాటాకు కప్పు గాలికి లేచునదియు, నిప్పురవ్వకు భస్మమగునదియు అని అంతకుముందును తెలియును. ఆ రాత్రి మాత్రము లోకమెల్ల చూచెను. 1979లో రాష్ట్ర గృహనిర్మాణసంస్థ ఏర్పడెను. 1983 తరువాత బలహీనవర్గములకు పక్కాఇండ్ల పని విరివిగా సాగెను. 2006లో ఇందిరమ్మ పథకము ఊరూర ఇండ్లు పూనెను. గోదావరి సీమలో ప్రతి గ్రామమునను “కాలనీ” యను పేరుగల వాడ యొకటి యున్నదన్నచో అది ఈ నలువదియైదేండ్ల ఫలమే. ఆ వరుసలలో పెరిగి చదువుకొని ఉపాధ్యాయులైనవారు మా తోటివారిలో నున్నారు.

కాని గోడల విషయమున చూపిన శ్రద్ధ నేల విషయమున చూపలేదు. మధ్యతరగతివారికి మితమైన ధరకు ఇండ్లీయవలెనని 2007లో రాజీవ్ స్వగృహ సంస్థను పెట్టిరి. ఇండ్లు పూర్తియగునప్పటికి వ్యయము పెరిగి, ఎవరికై కట్టిరో వారికే అవి అందని పండ్లయ్యెను. అనేక భవనములు అర్ధాంతరముగా నిలిచి, చివరకు కొన్ని వేలమునకు పోయెను. 2016 తరువాత టిడ్కో సంస్థ పట్టణములలో 300, 365, 430 చదరపుటడుగుల అంతస్తుల ఇండ్లు కట్ట నారంభించెను. గోడలు లేచినను రోడ్డు, నీరు, మురుగుకాలువ రాక వానిలో ఎన్నో ఏండ్లతరబడి ఖాళీగా నిలిచెను. 2020 డిసెంబరు 25వ తేదీన నాటి తూర్పుగోదావరి జిల్లా కొమరగిరిలో ప్రారంభించి, రాష్ట్రమంతట 30 లక్షలకు పైగా స్థలములను స్త్రీల పేర పట్టాలిచ్చు పని పూనిరి. స్త్రీ పేర నేల వ్రాయుట పంతులుగారు బ్రదికియున్నచో ఆనందించియుండెడి కార్యము. అయితే పట్టణములలో ఇచ్చినది ఒక సెంటు, అనగా 48 చదరపు గజములకు కొంచెము పైన. మన తాతల మండువాలోగిలిలో వాననీరు పడెడి మండువాయు, దాని చుట్టు వసారాయు కలిపిన ఇంచుమించు అంతయే అగును. 2024లో వచ్చిన ప్రభుత్వము పట్టణమున 2 సెంట్లు, గ్రామమున 3 సెంట్లు ఇత్తుమని ప్రకటించినది.

సెంట్ల సంఖ్యకంటె ముఖ్యమైనది ఆ సెంట్లు ఎక్కడ నున్నవి యనునది. రాజమహేంద్రవర నగరపు బీదలకై 2020లో కోరుకొండ మండలములోని బూరుగుపూడి ప్రాంతమున ఆవభూములు సుమారు 600 ఎకరములు సేకరింప బూనిరి. ఆవ యనగా వానలకు నీరు నిలిచెడి పల్లము. ముంపునేలకు హెచ్చుధర యిచ్చుచున్నారనియు, మునుగు చోట ఇండ్లెట్లు నిలుచుననియు వివాదము చెలరేగి ఉన్నతన్యాయస్థానమునకు పోగా పని ఆగిపోయెను. దోష మెవరిదని తీర్పు చెప్పుట మా పని కాదు. చరిత్ర దృష్టితో చూచినచో ఇందులో కొత్త ఏమియు లేదు. వందయేండ్లకు పూర్వము మాలపల్లెకు చూపిన చోటే నేడు నగరపు బీదకు చూపుచున్నాము: ఇతరులు వలదన్న చోటు, పనికి దూరమైన చోటు, పల్లపు చోటు. ప్రభుత్వములు చెడ్డవై ఇట్లు చేయుటలేదు. నగరములో నేల కొనబోవునప్పటికి ఆ నేల ధరను ప్రభుత్వపు రోడ్లే ఆకాశమున కెక్కించి యుండును. 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము గ్రామప్రాంతములలో బజారు ధరకు నాలుగింతల వరకు పరిహారమీయవలసియుండును. రైతునకు అది న్యాయమే. కాని తాను పెంచిన ధరను తానే నాలుగింతలు చెల్లింపవలసిన ప్రభుత్వము, చివరకు చౌకగా దొరకు ఆవభూమికి పోవుట వింత కాదు.

ధవళేశ్వరములో నేడు జరుగుచున్నదియు ఇదియే. 2015లో గోదావరిపై నాలుగవ వంతెన తెరచిరి. 2022 ఏప్రిలులో జిల్లాలను పునర్విభజింపగా రాజమహేంద్రవరము తూర్పుగోదావరి జిల్లాకు ముఖ్యస్థలమయ్యెను. కచేరీలు వచ్చెను, ఉద్యోగులు వచ్చిరి. నేల ధర లేచుటకు ఇంతకంటె ఏమి కావలెను? మెరక చోట్లు ధనికుల పాలయ్యెను. ఏటిగట్టునకు లోపల, లంకలలో, కాలువగట్లమీద బీదలు మిగిలిరి. ధవళేశ్వరము వద్ద ఏటి నీరు 11.75 అడుగులకు వచ్చినపుడు మొదటి ప్రమాదసూచన, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఎగురవేయుదురు. మేడలో నున్నవానికి అవి వార్తాపత్రికలోని అంకెలు. లంకలో నున్నవానికి మొదటిది సామాను మూటకట్టుకొను వేళ, రెండవది పిల్లలను గట్టెక్కించు వేళ, మూడవది ఇంటికి నమస్కరించి విడుచు వేళ. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చి గట్లు తెగినపుడును, 2022 జులైలో 25 లక్షలకు మించి వచ్చినపుడును అట్లే విడిచిరి. ఎగువను పోలవరము వద్ద కట్టుచున్న కొత్త ఆనకట్టకై లక్షకు పైగా కుటుంబములు కదలవలసియున్నవి. మొదటి ఆనకట్ట నేర్పిన పాఠమును ఈ రెండవదానియందైనను మరువరాదు.

కర్తవ్యమేమని అడుగుదురు. మాకు తోచినది మనవి చేసెదము. ఒక రోడ్డు, ఒక వంతెన, ఒక కచేరీ తలపెట్టిన నాడే, ఆ వార్త బజారున కెక్కుటకు ముందే, దాని చేరువ నేలలో కొంత భాగమును గృహవసతికై పురపాలకసంఘము పట్టియుంచవలెను. ఇండ్లన్నియు దానముగా నీయనక్కరలేదు. వియన్నావలె కొన్నిటిని నగరమే తన పేర నుంచుకొని స్వల్పమైన అద్దెకీయవచ్చును. ఇచ్చిన స్థలము అమ్మరాదని 1977 నాటి మన చట్టము శాసించెను. అమ్మనిచ్చినచో అది వడ్డీవ్యాపారి చేతికి పోవును. అమ్మనీయనిచో కష్టకాలమున అది చేతికి రాదు. నగరము పేరనే యుండి తరతరములు నిలువదగిన అద్దెహక్కు ఈ రెండు చిక్కులను తప్పించును. ఇండ్లు మెరకమీద నుండవలెను, పనికిని బడికిని నడిచిపోదగినంత దూరములో నుండవలెను, ఊరిలోపల నుండవలెను. చివరి మాటనే మరల చెప్పుచున్నాము: ఊరిలోపల.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. గృహస్థులమగు మనము చేయదగినదియు కలదు. మన యింట అంట్లు తోము ఆమె యెక్కడ కాపురమున్నదో మనలో నెందరికి తెలియును? మన వీధిచివర ప్రభుత్వమువారు బీదలకు ఇండ్లు కట్టబూనినపుడు, “మా స్థలముల ధర పడిపోవును” అని అర్జీలమీద సంతకము చేసినవారు ఎవరు? చదువుకొన్నవారమే. ధర పెరిగినపుడు అది మన ప్రజ్ఞ యనుకొందుము. తగ్గునేమో యనగానే అన్యాయమని కేకలు వేయుదుము. మన గోడ ప్రక్క ఒక తాపీమేస్త్రి కుటుంబము ఇల్లు కట్టుకొన్నచో మన నేల ధర పది రూపాయలు తగ్గవచ్చును. కాని మా హాజరుపట్టికలో ఒక పేరు మిగులును. ఆ రెంటిలో ఏది హెచ్చో ఎవరి మనస్సును వారే అడుగవలెను.

కాటను గోదావరిలో ఒక్క చుక్క నీటినైన సృష్టింపలేదు. సముద్రము పాలగుచున్న దానిని ఆపి, పదిమంది పొలములకు మళ్లించెను. నేల విలువయు ప్రజలందరి శ్రమవలన పుట్టిన వరదవంటిది. నేడది కొందరి కొట్లలోనికే పోవుచున్నది. దానికిని ఒక ఆనకట్ట కావలెను. ఏటికి అడ్డముగా రాళ్లు పేర్చుటకు అయిదేండ్లు పట్టినది. ఈ రెండవ కట్టకు మన సమ్మతి యను రాయి కావలసియున్నది. దానిని తెచ్చి వేయుటకు మనమందరము సిద్ధపడిన నాడు, మన సామెత మరల నిజమగును. ఇల్లు కట్టుటలో ఇటుకల కష్టమే మిగులును.